నల్లగొండను లాగుతున్న ఫ్లెక్సీ: మా ఇసుక పెట్టె ప్రాజెక్టు డైరీ

దసరా సెలవులకు ముందు

ఈసారి థర్మకోల్ అగ్నిపర్వతం వద్దని తొమ్మిదో తరగతి వాళ్లకు ముందే చెప్పేశాను. సైన్స్ ఫెయిర్‌లో ఏ బడి స్టాల్ చూసినా అదే. మధ్యలో సీసా, అందులో వంటసోడా, పైనుంచి వెనిగర్, ఎర్రటి నురగ. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు, జడ్జీలు మార్కులు వేస్తారు, పిల్లలకు భూమి గురించి తెలిసింది మాత్రం సున్నా. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటే, అదీ ఎక్కడో అండమాన్ దగ్గరి బారెన్ దీవిలో. నల్లగొండ పిల్లలకు దానితో ఏం చుట్టరికం?

భూమి పైభాగం పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి కదులుతుందన్న పాఠం అయిపోయాక వెనక బెంచీలోంచి ఒకడు లేచి అన్న మాట ఈ ప్రాజెక్టుకు మూలం. "మనకాడ ఏం లేదు కద మేడం. హిమాలయం లేదు, సముద్రం లేదు, భూకంపాలు గూడ లెవ్వు. అన్నీ గుట్టలే." పాఠ్యపుస్తకాల బొమ్మలన్నీ పలకల అంచులే చూపిస్తాయి కాబట్టి వాడు అలా అనుకోవడం సహజం. మనం ఉన్నది పలక మధ్యలో. మధ్యలో ఉన్నవాళ్లకు ఈ కథలో వాటా లేదా? ఉందని చూపించడమే పని. రెండు భాగాలు అనుకున్నాం: పలకలు గుద్దుకుంటే నేల ఎలా లేస్తుందో చూపే ఇసుక పెట్టె ఒకటి, మన రెండు మూడు జిల్లాల రాళ్లతో ఒక బల్ల.

పనిలోకి దిగేముందు ఒక అపోహ తుడిచాను. పలకలు కరిగిన లావా మీద తేలుతున్నాయని సగం క్లాసు రాసింది. కాదు. పలక అంటే సుమారు 100 కి.మీ. మందమున్న గట్టి రాయి. దాని కిందున్నది కూడా రాయే, ద్రవం కాదు. కాకపోతే ఆ వేడికి, ఆ బరువుకు లక్షల ఏళ్ల లెక్కలో మెల్లగా సాగుతుంది. ఇంత మాత్రం బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక.

సెలవుల్లో

బతుకమ్మ హడావుడిలో పిల్లలెవరూ దొరకలేదు. పెట్టె పని నేనే చూసుకున్నాను. మూడున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, కింద ప్లైవుడ్. పొడవాటి రెండు పక్కలకూ ఆఫీసు రూములోని పాత పుస్తకాల బీరువా అద్దాలు. హెడ్మాస్టర్ గారు మొదట ఒప్పుకోలేదు, బీరువాకు అద్దాలు లేకపోతే చీరె ముక్క కట్టుకోవచ్చని నచ్చజెప్పాల్సి వచ్చింది.

పెట్టెలో ఒక చెక్క గోడను స్క్రూతో మెల్లగా తోయాలి. దానికి వెల్డింగ్ షాపుకు పోతే అక్కడి అన్న 12 ఎం.ఎం. థ్రెడ్ రాడ్డు ఇచ్చి, ఇనుప యాంగ్లర్‌కు నట్టు అతికించి, చివర పిడి వంచి ఇచ్చాడు. "ఏం మిషన్ మేడం ఇది?" అని అడిగాడు. ఇండియాను తీసుకుపోయి టిబెట్‌కు గుద్దే మిషన్ అన్నా అన్నాను. "అయితే వెల్డింగ్ గట్టిగనే కొట్టాలె" అని ఇంకో రెండు చుక్కలు వేశాడు. పైసలు తీసుకోలేదు.

ఈ రాడ్డుకు మరకూ మరకూ మధ్య దూరం 1.75 మి.మీ. అంటే పిడి ఒక్క చుట్టు తిప్పితే గోడ అంత జరుగుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

బడి తెరిచాక

వాగు ఇసుక తెచ్చి వరండాలో ఎండబోసి, పిండి జల్లెడతో జల్లించారు పిల్లలు. మామూలు ఇసుక పొర, దాని మీద ఇటుక పొడి కలిపిన ఇసుక, మళ్లీ మామూలుది, ఆపైన క్రషర్ డస్ట్. ప్రతి రెండు పొరల మధ్యా పలచగా ముగ్గు చల్లారు. అందులో మా ఆడపిల్లల చేతివాటం చూడాలి, గీత పెట్టినట్టు సమంగా పడింది. మొత్తం మందం 4 సెం.మీ.

మట్టి ముద్దలు వాడొచ్చు కదా, ఇసుకే ఎందుకని ఫిజికల్ సైన్స్ సార్ అడిగారు. మంచి ప్రశ్న. దీనికి జవాబు 1937లో కింగ్ హబ్బర్ట్ అనే అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి పెట్టాడు. కిలోమీటరును సెంటీమీటరుకు కుదించామంటే లక్షో వంతు చేశామన్నమాట. అలాంటప్పుడు పదార్థం బలం కూడా దాదాపు లక్ష రెట్లు తగ్గాలి. నిజమైన రాయిని చిన్న పెట్టెలో పెట్టి తోస్తే చలించదు, ఎందుకంటే ఆ పరిమాణంలో దాని సొంత బరువు దానికొక లెక్క కాదు. పొడి ఇసుకలో రేణువుల మధ్య రాపిడి ఉంటుంది, అతుకు ఉండదు. అందుకే నాలుగు సెంటీమీటర్ల పొడి ఇసుక, నాలుగు కిలోమీటర్ల రాతి పొరలు విరిగే తీరులోనే విరుగుతుంది. తడి మట్టి అయితే ఆ లెక్కకు మరీ గట్టిది.

తోశాం. గోడ ముందు ఇసుక ఉబ్బింది, చప్పట్లు పడ్డాయి. అప్పుడు ముందు వరసలో కూచునే మా లీడరమ్మాయి మొహం చిట్లించి "మేడం, పోయి గుద్దింది మనం కద? గిక్కడ టిబెట్టే వచ్చి మనల్ని గుద్దుతున్నది" అంది. ఎవరు కదిలినా దగ్గరయ్యే లెక్క ఒకటేనని చెప్పబోయి ఆగాను. ఆ పిల్ల అడిగినదాంట్లో ఇంకో పెద్ద విషయం ఉంది.

ఖండాలు కదులుతాయని జర్మనీ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో చెప్పినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. అంత పెద్ద ఖండాన్ని తోసేది ఎవరు అన్నదానికి ఆయన దగ్గర గట్టి జవాబు లేదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో ప్రాణాలు వదిలాడు. సముద్రపు అడుగు పటాలు వచ్చాక కథ మారింది. అట్లాంటిక్ నట్టనడుమ పొడవునా సాగే పర్వత పంక్తిలో లోతైన చీలిక ఉందని మేరీ థార్ప్ పటాలు గీస్తూ గుర్తించింది. అక్కడ కొత్త సముద్రపు అడుగు పుట్టి రెండు పక్కలకూ జరుగుతోందని 1962లో హ్యారీ హెస్ అనే అమెరికా భూవిజ్ఞాని రాశాడు. మరుసటి ఏడాది వైన్, మాథ్యూస్ అనే బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆ అడుగు రాళ్లలోని అయస్కాంత చారలతో దాన్ని బలపరిచారు. ఇక తోసేదెవరు? ఇప్పుడు ఎక్కువమంది భూవిజ్ఞానులు చెప్పేది ఏమిటంటే, తోసేదానికంటే లాగేదే ఎక్కువ. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక ఇంకో పలక కిందికి దిగుతూ తన వెనకున్నదాన్నంతా లాక్కుపోతుంది. ఇండియాకూ ఆసియాకూ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. ఆ సముద్రపు అడుగు ఆసియా కిందికి దిగుతూ మనల్ని లాక్కుపోయింది. ఒక దశలో మన వేగం ఏడాదికి 15 సెం.మీ. దాటింది, పలకల్లో అది దౌడు. సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఖండానికి ఖండం తగిలాక వేగం పడిపోయింది.

కాబట్టి తోసే గోడ తీసేసి, కింద లాగే ఏర్పాటు చేయాలి. గోడ బిగించి పెట్టి, దాని అడుగున సన్నని చీలిక కోసి, ఇసుక కింద పరిచిన గుడ్డను అందులోంచి అదే రాడ్డుతో బయటికి లాగాలి. గుడ్డ సాగుతుంది, పాలిథీన్ ముడుచుకుంటుంది. జంక్షన్‌లో పోయిన పండక్కి కట్టిన శుభాకాంక్షల ఫ్లెక్సీ ఇంకా వేలాడుతుంటే పిల్లలు అడిగి తెచ్చారు. సాగదు, చిరగదు, మన జిల్లాలో కొరత అసలే లేదు. దాని మీద ఒక నాయకుడి నవ్వు మొహం ఉంది, బోర్లా వేయమన్నాను. పోరగాళ్లు మాత్రం అప్పటికే పేరు పెట్టేశారు: టెథిస్ సార్.

ఆ వారమే, ఇంకా

అద్దాల దగ్గర ఇసుక అంటుకుపోయి పొరలు వంకర పోయాయి. మధ్యలో ఒక తీరు, అంచుల్లో ఒక తీరు. పీఈటీ సార్ గదిలోంచి క్యారమ్ బోర్డు పౌడర్ తెచ్చి అద్దాలకు లోపలి వైపు రుద్దారు. కుదిరింది.

తిప్పితే ఏం కనిపించింది

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఇంత బాగా వస్తుందని నేనూ అనుకోలేదు.

మొదటి నాలుగైదు చుట్లకు ఏమీ కాలేదు. ఇసుకంతా కదలకుండా ఫ్లెక్సీ మీద కూచుని గోడ వైపు ప్రయాణిస్తోంది. తర్వాత గోడకు జానెడు ఇవతల పైపొర కొద్దిగా లేచింది. అద్దంలోంచి చూస్తే అడుగు నుంచి పైకి ఏటవాలుగా సన్నని గీత. ఆ గీతకు అవతలి ఎర్ర పొర ఇవతలి ముగ్గు చార మీదికి ఎక్కుతోంది. పాత పొర కొత్త పొర మీద కూచోవడం అంటే ఇదే అని వేలు పెట్టి చూపించాను. ఇంకొన్ని చుట్లకు ఆ గీత దగ్గర కదలిక ఆగింది. దానికి ముందు, గోడకు దూరంగా, కొత్త గీత పుట్టింది. పాతది కొత్తదాని వీపెక్కి ఇంకా పైకి లేచింది. తర్వాత మూడోది. పైనుంచి చూస్తే వరసగా మూడు కట్టలు, గోడ దగ్గర ఎత్తు, ఇటు వచ్చేకొద్దీ పల్లం. ముగ్గు మాత్రం ఇసుకలా జారలేదు. ఉబ్బిన చోట దాని మీద వెంట్రుకంత పగుళ్లు అడ్డంగా లేచాయి. మెత్తటి పొడి కాబట్టి దానికి కొంత అతుకు ఉంటుంది.

హిమాలయాల వరస కూడా ఇదే. ఉత్తరాన పాత పగులు, దానికి దక్షిణాన ఇంకొకటి, అన్నిటికంటే కొత్తది కొండల పాదంలో మైదానం మొదలయ్యే చోట. వీటన్నిటికీ అడుగున ఒకే వాలు తలం ఉంది. మా పెట్టెలో ఫ్లెక్సీ ఉన్న చోటు అది. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌ను కుదిపిన 7.8 తీవ్రత భూకంపంలో జారింది ఆ తలంలో ఒక ముక్కే. పొడి ఇసుక నున్నగా జారుతుంది, రాయి అలా జారదు. ఏళ్లకేళ్లు బిగుసుకుని ఉండి ఒక్క నిమిషంలో తప్పుకుంటుంది. పెట్టె చూపించలేనిది అదొక్కటి, స్టాల్ దగ్గర చెప్పాల్సిందీ అదే.

10 సెం.మీ. లాగేసరికి గోడ దగ్గర 4 సెం.మీ. మందం 9 దాటింది. మామూలు ఖండపు పెంకు మందం 35 కి.మీ. దగ్గర ఉంటే టిబెట్ కింద 70 కి.మీ. దాకా ఉంది. మా ఇసుక ఆ పెంకు మొత్తానికి సమానం కాదు, పై నాలుగు కిలోమీటర్లకే. అయినా పక్కకు నొక్కితే పైకీ కిందికీ మందం పెరుగుతుందన్న సంగతి అద్దంలో కొలబద్ద పెట్టి చూశాక ఎవరూ మరిచిపోరు.

రాళ్ల బల్ల

పెట్టె పక్కన రాళ్లు ఎలా పేర్చాలన్నది చాలాసేపు తేలలేదు. వయసు ప్రకారమా, రంగు ప్రకారమా? చివరికి మూసీ నది ఉపాయం చెప్పింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, హైదరాబాదు మీదుగా మన జిల్లాలోకి దిగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ దారిలోనే మన కథంతా ఉంది. నీలం రంగు చీరె అంచును బల్ల మీద మూసీలా పరిచి, రాళ్లను దాని ఒడ్డున పెట్టాం.

మొదట అనంతగిరి నల్లరాయి, దాని మీద ఎర్రటి బొరియల రాయి. నల్లది లావా. 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కను మీద పొరలు పొరలుగా పారిన లావాకు ఇది తూర్పు అంచు. ఎర్రది ఆ లావాయే వానలకు ఎండలకు చివికి మారిన రూపం. అప్పట్లో ఇండియా హిందూ మహాసముద్రంలో ఒక వేడి తావు (భూమి లోతుల్లోంచి శిలాద్రవం ఎగదన్నే చోటు) మీదుగా వెళ్తోంది. పలక ఉత్తరానికి జరిగిపోయింది, వేడి తావు అక్కడే ఉండిపోయి వెనకాల లక్షదీవులు, మాల్దీవుల కింది గట్టును వరసగా పోసుకుంటూ పోయింది. ఇప్పుడు అది రీయూనియన్ దీవి కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ పేలుతూనే ఉంటుంది. అంటే మన లావా ఆరిపోలేదు, మనమే దాన్ని దాటి వచ్చేశాం. థర్మకోల్ కొండ కావాలని ఏడ్చినవాడికి ఈ సంగతి తెగ నచ్చింది.

తర్వాత అంతా గ్రానైటే. హైదరాబాదు రాళ్లగుట్టల నుంచి మా కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట, భువనగిరి ఒంటిరాయి కోట, దేవరకొండ దాకా. సుమారు 250 కోట్ల ఏళ్ల రాయి. ఇది నేల మీద పుట్టింది కాదు, కిలోమీటర్ల లోతులో చల్లారి గట్టిపడింది. అది ఇవాళ మన కాళ్ల కింద ఉందంటే పైనున్నదంతా అరిగి కొట్టుకుపోయిందన్న మాట. బరువు తగ్గేసరికి రాయి వ్యాకోచించి పగుళ్లిచ్చింది, ఆ పగుళ్ల వెంట నీరు దిగి మూలలు తిని ఉల్లిగడ్డ పొరల్లా విప్పింది. ఒకదాని మీదొకటి పేర్చినట్టుండే మన గుండ్లు అలా మిగిలినవే, ఏ రాక్షసుడూ ఎత్తి పెట్టలేదు. అప్పట్లో ఇక్కడే పలకల అంచు ఉండేదని, ఆ గుద్దుళ్లలోనే ఈ గ్రానైట్ పుట్టిందని చాలామంది భూవిజ్ఞానుల వాదన. నాకు నచ్చేది ఆ మాటే. మనం మధ్యవాళ్లం కాదు, పాత అంచువాళ్లం.

పాలమూరులో ఉండే మా చెల్లె ఒక డోలరైట్ ముక్క పంపింది. చేలల్లో ఎర్రటి, బూడిద రంగు గ్రానైట్ మధ్య తాడు పెట్టి గీసినట్టు నల్లరాళ్ల వరస ఒకటి మైళ్ల దూరం సాగడం అటువైపు వాళ్లందరూ చూసే ఉంటారు. క్వారీల వాళ్లు దాన్ని బ్లాక్ గ్రానైట్ అని కోసి అమ్ముతారు గాని అది గ్రానైట్ కాదు. నేల సాగి నిట్టనిలువుగా చీలితే కిందినుంచి శిలాద్రవం ఎక్కి గడ్డకట్టిన గోడ. మహబూబ్‌నగర్ వరసలకు లెక్కగట్టిన వయసు సుమారు 218 కోట్ల ఏళ్లు. అప్పట్లో ఇక్కడి నేల సాగి చీలిందన్నదానికి సాక్ష్యం అది.

సాగర్ వైపు పెద్దగట్టు దారిలో తెచ్చింది క్వార్ట్జైట్. ఆ గుట్టల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. అడుగున మన గ్రానైటే, దాని మీద పడక వేసినట్టు ఇసుకరాయి గట్టిపడిన పొరలు. రెండూ కలిసే గీత దొరికితే బొటనవేలు కింద పెట్టి చూపుడు వేలు పైన పెట్టమన్నాను. ఆ రెండు వేళ్ల మధ్య కోట్లాది ఏళ్లు గల్లంతు. గ్రానైట్ పైకి తేలి, అరిగి, మళ్లీ నీటి కింద మునిగాక గాని పై పొర పడలేదు. యురేనియం ఉందని వార్తల్లోకి ఎక్కింది కూడా ఆ గీత చుట్టూనే. నల్లమల లోపలికి, తూర్పుకు పోయేకొద్దీ ఈ పడకలు ముడతలు పడతాయి. పెట్టెలోని ఇసుక కట్టలను చూసిన కళ్లతో శ్రీశైలం దారిలో కొండ కోతలు చూడాలి.

చివరన వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అక్కడే ఎందుకు ఉన్నాయో ఈ ముక్క చెబుతుంది. ఒకప్పటి లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. మా క్లాసురూములో పరిచిన తాండూరు బండలు కూడా అలాంటివే. సముద్రం లేదన్న పిల్లాడు సముద్రపు అడుగు మీదే కూచుని ఆ మాట అన్నాడు.

బల్ల చివర ఒక చుట్టం: కొత్తగూడెం వైపు నుంచి ఒక పిల్లాడి మేనమామ ఇచ్చిన బొగ్గు ముక్క. గోదావరి లోయ బొగ్గు పొరల్లో దొరికే గ్లాసోప్టెరిస్ అనే ఆకు శిలాజం ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లోనూ, అంటార్కిటికాలోనూ దొరుకుతుంది. ఆ గింజలు సముద్రాలు ఈదుకుంటూ పోలేదు, నేలలే విడిపోయాయి. ఆ పాత మహాఖండానికి ఉన్న గోండ్వానా పేరు మన గోండుల నేలదేనని చెబితే క్లాసంతా ఒకసారి నిటారుగా కూచుంది.

కార్తీకంలో

ఒక అమ్మాయి వాళ్ల తాతయ్య గుడి అర్చకులు. వాళ్లింట్లో సాలగ్రామం ఉందట. నల్లటి గుండు రాయి, పగిలిన చోట లోపల చక్రం. బడికి తెమ్మంటే తాతయ్య ససేమిరా అన్నారు, మడి. ఫోను మీద ఫోటో మాత్రం తీయనిచ్చారు, అదీ స్నానం చేసి వచ్చాక. ఫోటోలో చక్రం గదులు గదులుగా, అంచున పక్కటెముకల్లాంటి గీతలతో ఎంత స్పష్టంగా ఉందంటే ఫిజికల్ సైన్స్ సార్ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

నేపాల్ గండకీ నదిలో దొరికే ఈ చక్రాల రాళ్లలో చాలావరకు అమ్మోనైట్లు, గుల్లలున్న సముద్రజీవుల శిలాజాలు. సుమారు పదిహేను కోట్ల ఏళ్ల కింద టెథిస్ సముద్రంలో ఈదాయి. మనం పోయి గుద్దితే ఆ సముద్రపు బురద కొండలెక్కింది, నది దాన్ని కోసి కిందికి తెచ్చింది. ఎవరెస్టు శిఖరం మీద కూడా సముద్రపు జీవుల శిలాజాలున్న సున్నపురాయే. అమ్మోనైట్లు దక్కను లావా పారిన కాలంలోనే, రాక్షసబల్లులతో పాటే అంతరించిపోయాయి. తాతయ్యకు ఈ మాట చెప్పమని అమ్మాయిని పంపాను. "సముద్రంలో శయనించేవాడు కొండ మీద దొరికితే వింతేముందమ్మా" అన్నారట.

తాడు

నల్లగొండ జెండా పెట్టెలో ఎక్కడ గుచ్చాలని గొడవ. లెక్క వేయించాను. మా అక్షాంశం 17 డిగ్రీలు, మాకు తిన్నగా ఉత్తరాన హిమాలయ పాదం 29 దగ్గర. ఒక డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 1,300 కి.మీ. పైనే. పెట్టెలో సెంటీమీటరుకు కిలోమీటరు కాబట్టి నల్లగొండ 13 మీటర్ల అవతల ఉండాలి. తాడు తీసుకుని కొలుచుకుంటూ తలుపు దాటారు, వరండా దాటారు, నల్లా దగ్గర జెండా పాతారు. ఢిల్లీ మాత్రం పెట్టెకు రెండు మీటర్లలోనే పడింది. ఢిల్లీ వాళ్లు మనకంటే ఎందుకు ఎక్కువ భయపడాలో ఆ తాడు చూశాక వేరే చెప్పనక్కర్లేదు.

మరి అంత దూరంలో ఉన్న మనకు అసలు ఏమీ కాదా? అవుతుంది. ముందు అడ్డం తగిలితే ఆ ఒత్తిడి పలక పొడవునా వెనక్కి పాకుతుంది, ఎక్కడ పాత పగులు ఉంటే అక్కడ బయటపడుతుంది. 1969లో భద్రాచలం, 1993లో లాతూరు దగ్గర కిల్లారి, 2020 జనవరిలో మన పక్కనే చింతలపాలెం, మేళ్లచెరువు, 2024 డిసెంబరులో ములుగు. ములుగుది 5.3, హైదరాబాదు దాకా తెలిసింది. భూకంపాలు లెవ్వన్న పిల్లాడే ఈ పట్టిక అట్ట మీద రాశాడు.

పగుళ్ల మాట వస్తే బోర్ల సంగతి రాకుండా ఉండదు. మా దగ్గర బోరు వేస్తే కొంత లోతుకే బండ తగులుతుంది, పగులు దొరికితే నీళ్లు, లేకపోతే దుమ్ము. కొబ్బరికాయ నిలబెట్టి చూసేవాళ్లు ఎంతమంది ఉన్నా నీళ్లు దాగేది ఆ పగుళ్లలోనే. ఆ నీటిలోకి ఫ్లోరైడ్ దిగేదీ ఈ గ్రానైట్ ఖనిజాల్లోంచే. కృష్ణ నీళ్లు నల్లాల్లోకి రాకముందు మర్రిగూడ, మునుగోడు వైపు నడుములు వంగిన ముసలోళ్లను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసినవాళ్లకు రాయి కథ పరీక్షల కోసం చదివేది కాదు. స్టాల్‌లో దీనికీ ఒక అట్ట పెట్టాం.

పదమూడు రోజులకొక చుట్టు

1.75 మి.మీ. గుర్తుందా? ఇండియా ఇప్పుడు ఏడాదికి సుమారు 5 సెం.మీ. చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. ఆసియా కూడా కొంత కదులుతోంది కాబట్టి ఢీకొనే వేగం అంతకంటే కాస్త తక్కువ. అందులో 2 సెం.మీ. దాకా హిమాలయాలే మింగుతాయి. ఇవన్నీ జీపీఎస్ కొలతలు, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లోనూ అలాంటి స్టేషన్ ఉంది. 5 సెంటీమీటర్లంటే మా రాడ్డుకు 29 చుట్ల లోపే. 365ను దానితో భాగిస్తే పిడిని పన్నెండు పదమూడు రోజులకొకసారి ఒక్క చుట్టు తిప్పితే అదే ఇండియా అసలు వేగం. దౌడు తీసిన రోజుల్లో అయితే నాలుగు రోజులకొక చుట్టు.

ఇది విని లీడరమ్మాయి ఇంకో రాడ్డు కావాలంది. వెల్డింగ్ అన్నను మళ్లీ అడిగాం. వరండా గోడకు బిగించాం, ఫోనులో దిక్సూచి చూసి ఈశాన్యానికి తిప్పి, నట్టు మీద ఎర్ర బాణం వేశారు. క్యాలెండరులో రోజులు గుర్తు పెట్టుకుని తిప్పే డ్యూటీ వంతులవారీగా. ఏప్రిల్ చివరికి బాణం రెండు సెం.మీ. పైచిలుకు జరుగుతుంది. వీళ్లు పదో తరగతి పరీక్షలు రాసి పోయేనాటికి ఏడు సెం.మీ. దాకా. ఇదే లెక్కన 1967లో కట్టడం పూర్తయిన నాగార్జునసాగర్ డ్యామ్ ఇప్పటికి దాదాపు మూడు మీటర్లు జరిగింది, కింద కృష్ణా పక్కన నల్లమలా దానితో పాటే జరిగాయి కాబట్టి ఆ కదలికకు గోడ బీటలు వారలేదు. జడ్జీలకు పెట్టె నచ్చవచ్చు గాని నాకు మాత్రం ఏమీ జరగనట్టు కనిపించే ఈ రాడ్డే నచ్చింది.

ఫెయిర్ ముందు వారం

పెట్టెను ఇసుకతో సహా ఆటోలో తీసుకెళ్తే దారిలోని స్పీడ్ బ్రేకర్లకే పొరలన్నీ కలిసిపోతాయి. కాబట్టి అక్కడే పొరలు వేయాలి, ఇరవై కిలోల ఇసుక రంగుల వారీగా బస్తాల్లో, జల్లెడ, ముగ్గు డబ్బా, క్యారమ్ పౌడర్, కొలబద్ద. ఒక్కసారి లాగాక మళ్లీ పరచడానికి అరగంట పడుతుంది, జడ్జీలు వచ్చే వేళ ముందే కనుక్కోవాలి. ఆ అరగంటలో వచ్చినవాళ్లకు రాళ్ల బల్ల చూపించడానికి ఇద్దరిని పెట్టాను, ఒకడు మూసీ పుట్టుక నుంచి, ఒకతె వాడపల్లి నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుస్తారు. 13 మీటర్ల తాడు వేయడానికి స్టాల్ ముందు దారి ఇస్తారో లేదో అడగాలి, ఇవ్వకపోతే పక్క బడి స్టాల్‌లోనే నల్లగొండ జెండా పాతాలి.

గోడ కింది చీలికలోంచి ఇసుక ఇంకా కారుతోంది. వడ్రంగి అన్న రేపు సాయంత్రం సైకిల్ ట్యూబు ముక్క కొట్టి చూస్తానన్నాడు. కుదిరితే సరే, లేకపోతే కింద ట్రే పెట్టుకుని పోతాం.